చెవిచిప్పల్లో గొర్రెబొచ్చు

"మే, నువ్వు తిన్న్యావా?" అన్నాడు మా ఆయన. "నువ్వు ముందు నోరు మూసుకోని పండుకో," అన్నాను నేను. అంతే. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరు మాటలు అవే. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద, జ్వరంతో తెరవలేని కళ్ళు తెరిచి అడిగాడు. నేను కసిరాను. ఆయన పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. ఇది రాయొద్దంటోంది నా మరదలు. (మా తమ్ముడి భార్య. నాకు సంతకం గీకడం తప్ప చదువు లేదు కాబట్టి నేను చెబుతుంటే ఆమె రాస్తోంది.) "పోయినాయన గురించి అట్ల రాస్తే బాగుంటాదా వదినా, ఇంకేదన్నా మంచి మాట చెప్పు," అంటోంది. మంచి మాట నేనెక్కడినుంచి తేవాలి? పెళ్ళయిన రోజునుంచి మా ఇంట్లో నడిచిన మాటలన్నీ ఆ మోస్తరువే. ఆయన అడిగేవాడు, నేను కసిరేదాన్ని, ఆయన తన పని తాను చేసుకుపోయేవాడు. చివరి రోజున మాత్రం తేనె పూసుకుని మాట్లాడుకున్నామని రాయిస్తే, ఎక్కడున్నాడో ఆయనే నవ్వుతాడు. ఉన్నదున్నట్టు రాయి పాపా.

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం రెండు ముక్కలైన కొత్తల్లో, మా కాపురమూ కొత్తదే. ఆ రోజుల్లో నాకు కోపం రాని పూట లేదు. ఇప్పుడు తలుచుకుంటే అంత కోపం ఇంత చిన్న ఒంట్లో ఎక్కడ పట్టిందా అని ఆశ్చర్యం వేస్తుంది. అలాగని కారణం లేని కోపం కాదు. మా పుట్టిల్లు సింహాద్రిపురం దగ్గర పల్లె, గొర్రెల మంద ఉన్న ఇల్లు. అత్తగారిది వీరపునాయునిపల్లె వైపు, వాళ్ళదీ మందే. గొర్రెల ఇంటి పిల్ల గొర్రెల ఇంటికే పోతోందని మా నాయన నిశ్చింతగా చేతులు కడుక్కున్నాడు. నేనూ అలాగే అనుకుని వచ్చాను. వచ్చిన ఏడాదికి మా ఆయన మందలో తన వాటా గొర్రెలు అమ్మేసి లేతు కొన్నాడు. లేతు అంటే చెక్కను గిరగిరా తిప్పే మిషన్. తిరిగే చెక్కకు ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుపోతుంది. పెళ్ళికి ముందు ప్రొద్దుటూరులో ఒక మంచాల అంగట్లో కొన్నాళ్ళు పనిచేశాడట, అక్కడ తగులుకుంది ఆ పిచ్చి. గొర్రె అయితే పిల్లను పెడుతుంది. లేతు ఏం పెడుతుంది? పొట్టు పెడుతుంది.

కాపురం ప్రొద్దుటూరుకు మార్చి, అక్కడ అద్దెకు తీసుకున్న ఇంట్లో వంటకూ పడకకూ మధ్య ఉన్న వసారాలో ఆ మిషన్ బిగించాడు. నీళ్ళ మోటారు ఒకటి పాతది తెచ్చి దానికి తగిలించాడు. అది తిరగడం మొదలుపెడితే తుమ్మెద దూరిన డబ్బాలాగా ఇల్లంతా హోరు. మంచం కోళ్ళు, ఉయ్యాల కడ్డీలు, కవ్వాలు, చపాతీ కర్రలు, కుంకుమ భరిణెలు, ఏవంటే అవి చేసేవాడు. పనితనం ఉందని ఊరంతా అనేవాళ్ళు. ఊరికేం, పొట్టు తినేది ఊరు కాదు కదా. సంగట్లో పొట్టు, ఊరిబిండిలో పొట్టు, దిండు మీద పొట్టు, నా జడలో పొట్టు.

"ఏమప్పా, సంగట్లో పొట్టు పడింది," అంటే, "రాగులకు పొట్టుండదా మే?" అనేవాడు.

"రాగుల పొట్టు గాదు, నీ మంచం కోళ్ళ పొట్టు."

"టేకు గదా. అరుగుతాదిలే."

(ఇలాంటి మనిషితో కొట్లాడటం ఎంత కష్టమో కొట్లాడినవాళ్ళకే తెలుస్తుంది. ఎదురు తిరగడు. అలిగి పోడు. మనం అరిచి అరిచి గొంతు బొంగురుపోతే మంచినీళ్ళు తెచ్చిస్తాడు. నా గొంతు ఇలా గరగరలాడటానికి ఆయనే కారణం, ఆ సంగతీ రాయి.)

జమ్మలమడుగులో మా అన్న ఉన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాళ్ళకు పెద్దగా ఉండేవాడు. నా బాధ చూడలేక ఒక ఆదివారం వచ్చి, మిషన్ ఆపించి, మా ఆయనను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "బావా, గేటు కాడ ఒక మనిషి కావల్లంట. యూనిఫారమిస్తారు, బూట్లిస్తారు. ఫ్యాను కింద కుర్చీ. పొద్దన్నే పోయి కూసుంటే సాయంత్రం లేచి రావడమే. ఈ పొట్టు బతుకెందుకు?" అన్నాడు. ఫ్యాను కింద కుర్చీ అనగానే నా మనసు అక్కడికి వెళ్ళి కూర్చుంది. మా ఆయన కాసేపు చేతిలో ఉలి తిప్పి, "చేతిలో ఒక పని ఉండాది బావా, పులివెందల అబ్బిది. అది ఆయప్పకు నచ్చితే ఆయప్ప సావాసగాళ్ళు గూడా చేయించుకుంటామన్నారు. అట్లయితే మిషన్ పెట్టుకుంటా. నచ్చకపోతే దాన్ని మంచాల అంగడాయనకు అమ్మేసి, ఒకటో తారీకుకు నీ గేటు కాడికొస్తా," అన్నాడు. మా అన్న నా వైపు చూశాడు. సరేనన్నాను. ఆ పులివెందుల పని చూస్తే నవ్వొచ్చే పని. అది ఎవరికీ నచ్చదని నాకు గట్టి నమ్మకం.

ఆ పని ఏమిటో చెప్పాలి. ఆ అబ్బి వాళ్ళకు పులివెందుల పక్కన చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్నాయి. ఇంజనీరు చదివి, బెంగళూరు కంపెనీ పనిని ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని చేసేవాడు. తలకు హెడ్‌ఫోను పెట్టుకునేవాడు. తల మీదినుంచి వంగిన కమ్మీ, దాని రెండు కొసలా రెండు చిప్పలు, ఆ చిప్పల్లో పాట పాడే బిళ్ళలు. ఆ ప్లాస్టిక్ చిప్పలు పగిలాయి. కొత్తది కొనుక్కోవచ్చు కదా. లేదు, చెక్క చిప్పలైతే పాట తియ్యగా వినబడుతుందని ఫోనులో ఎక్కడో చూశాడట. ప్రొద్దుటూరులో భరిణెలు చేసేవాడున్నాడని తెలిసి కారేసుకుని వచ్చాడు. "భరిణె ఇంత సన్నంగా చేస్తాండావు గదప్పా, ఇది చేయలేవా?" అని ఫోనులో బొమ్మ చూపించాడు. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చేస్తా," అన్నాడు. (ఆయన దేనికైనా అదే అంటాడు. ఏనుగుకు దంతాలు చేయమన్నా చేస్తాననేవాడు.)

నేను గడప దగ్గర రాగులు చెరుగుతూ ఊరుకోలేక, "చెవులకు చెక్క పెట్టుకోని ఏం చేస్తావబ్బీ?" అన్నాను.

"పాటలింటానక్కా."

"ఇప్పుడు ఇనపళ్ళేదా?"

"ఇనపడతాది. బాగా ఇనపడల్ల."

"మా అమ్మ అరిస్తే ముద్దనూరు దాకా ఇనపడతాది. ఆమెకు చిప్పలెవురు చేసిచ్చినారు?"

ఆ అబ్బి నవ్వాడు. నవ్వడానికి చెప్పలేదు నేను. సందేహం తీర్చుకుందామని అడిగాను.

ఆ రెండు చిప్పల కోసం మా ఆయన పడిన పాటు మంచం కోళ్ళ మీద పెట్టి ఉంటే ఊరంతటికీ మంచాలు వేసేవాడు. పాత మిద్దె కూల్చిన చోటినుంచి టేకు దూలం ముక్క తెచ్చాడు. ముదిరి, చాయ నల్లబెల్లం చాయకు తిరిగిన టేకు. దాన్ని మిషనుకు ఎక్కించి బయట గుండ్రంగా తీయడం ఆయనకు లెక్కలోది కాదు. లోపల తొలవడంలో ఉంది కష్టమంతా. గోడ మందంగా వదిలితే మెడ వంగేంత బరువు, సన్నం చేస్తే పగులు. పైగా లోపల బిళ్ళ కూర్చోవడానికి చుట్టూ చిన్న మెట్టు వదలాలి. మొదటిది అరిగి అరిగి ఉలి ఇవతలికి వచ్చేసింది, చిప్ప పోయి కడియం మిగిలింది. ఇంకొకటి చక్కగా వచ్చింది, దాని జత రాలేదు. భరిణె ఒక్కటి చేస్తే చాలు, చెవులు రెండు కదా. నాలుక బయట పెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ జత చిప్పను చక్కగా వచ్చిన చిప్పతో పోల్చుకుంటూ తొలిచాడు. అయ్యాక లక్క పాలిష్ పట్టించాడు. పట్టించాక ఆ రెండింటినీ చెవులకు అదిమి పట్టుకుని వసారాలో నిలబడ్డాడు. కూరలోకి ఉప్పు అయిపోయింది, అంగడికి పొమ్మని నేను అరుస్తున్నాను. గోడ మీది బల్లివైపు చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు. అంతకుముందు వినీ విననట్టు ఉండేవాడు, ఇప్పుడు నిజంగానే వినబడటం లేదు. ఆ పూట ఉప్పు లేని కూర పెట్టాను. దాన్నీ ఏమీ అనకుండా తిన్నాడు.

ఇక ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాయి, మా వాళ్ళు దీన్ని తలా ఒక రకంగా చెప్పుకుంటారు. ఆ అబ్బి వస్తానన్న పొద్దు మా ఆయన గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాడు. ఆ అబ్బి పగిలినదాంట్లోంచి తీసి ఇచ్చిపోయిన బిళ్ళలు వేరుగా, చిప్పలు వేరుగా పీట మీద ఉన్నాయి. చిప్పను చేతిలోకి తీసుకుని తట్టి చూశాను. లోపలంతా బోలు. డొల్లగా మోగింది. ఇంత సన్నటి చెక్క, అందులో ఉల్లిపొర లాంటి బిళ్ళ, ప్రొద్దుటూరునుంచి పులివెందుల దాకా ఆ దారిలో, ఆ గుంతల్లో పోతే ఏమవుతుంది? మా పుట్టింట్లో ఏది ఊరు దాటినా గొర్రెబొచ్చులో పెట్టి పంపడమే అలవాటు. గాజులు పంపినా, నెయ్యి కుండ పంపినా, పురిటి బిడ్డను ఎత్తుకుపోయినా కింద బొచ్చు పరచాల్సిందే. దిండు కుట్టుకోమని మా అమ్మ పంపిన బొచ్చు ఒక సంచిలో ఉంది. పిడికెడు తీసి రెండు చిప్పల్లోనూ మెత్తగా దూర్చాను. మా ఆయన వచ్చి, పైన బిళ్ళలు పెట్టి మరలు బిగించాడు. లోపల చూడలేదా అని అడుగుతారు అందరూ. ఆయన ఎప్పుడు చూశాడు కనక? కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా, పక్కకు జరుగు వెలుతురు రాలేదనే మనిషి. చిప్పలనైతే బయటనుంచి ముద్దుగా తుడిచాడు, అంతే. అబ్బి వచ్చాడు, అక్కడే తలకు పెట్టుకుని ఫోనులో పాట వేసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. "అప్పా, యాడుండావప్పా ఇన్నాళ్ళూ?" అని మా ఆయన చేయి పట్టుకుని ఊపి వెళ్ళాడు.  పోయింది కుర్చీ, పోయింది ఫ్యాను అనుకున్నాను.

ఇక్కడ బొచ్చు సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు గొర్రెలను వంకలో బాగా కడిగి, ఆరాక బొచ్చు కత్తిరిస్తారు. ఆ ఏడు వంకలో నీళ్ళు లేవు. తాగడానికే లేని నీళ్ళు గొర్రెల స్నానానికి ఎక్కడివి? కడగకుండానే కత్తిరించారు. వాన పడకపోవడం గొర్రె తప్పా? నా తప్పా? ఎండలు ముదిరాయి. పులివెందుల ఎండ గురించి నేను చెప్పనవసరం లేదు. ఆ అబ్బి చెవులు చెమట పట్టాయి, చిప్పలు వేడెక్కాయి, లోపలి బొచ్చు మేలుకుంది. ఒక పొద్దున ఫోన్ వచ్చింది. మా ఆయన చేతులకు పాలిష్ ఉందని ఫోనును పీట మీద పెట్టి గట్టిగా వినబడేలా నొక్కాడు.

"అప్పా, ఆ చెక్క ఏం చెక్కప్పా?" అన్నాడు అబ్బి.

"టేకప్పా. పాత దూలం."

"టేకుకు పొట్టేలు వాసనెందుకొస్తాది?"

అబ్బి అంతటితో ఆగలేదు. "నిన్న చెవులకు పెట్టుకోని ఆఫీసోళ్ళతో మాట్లాడతాండా. మాయమ్మ లోపలికొచ్చి, యాడరా గొర్రె దూరింది ఇంట్లోకి అని మంచం కింద వంగి చూసింది. తలకు పోసుకున్నా పోలేదు. నా సావాసగాళ్ళు నన్ను మంద కాపరి అంటాండారు. వాళ్ళకు గూడా ఒద్దంటప్పా. నువ్వేం అనుకోవాక."

"ఎనక్కి పంపీ అప్పా, ఇంగోటి చేసిస్తా."

"ఒద్దులేప్పా," అన్నాడు, పెట్టేశాడు.

నేను అక్కడే ఉన్నాను. దాచే మనిషిని కాను. "నేనే పెట్టినా బొచ్చు. ఏమిప్పుడు?" అన్నాను. మా ఆయన నా వైపు తిరిగి, "ఎందుకు పెట్టినావు మే?" అన్నాడు. "పగలకుండా."  తిడతాడేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది, నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. "సరేలే. మీ అన్నకు ఫోన్ చెయ్. ఒకటో తారీకుకు వస్తానని చెప్పు," అని స్పానరు తీసుకుని మిషన్ కింద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ నేను కోరింది అదే. మా ఇంటి హోరు పోతుంది, పొట్టు పోతుంది, ఆయనకు బూట్లొస్తాయి. మరి నాకు సంతోషం ఎందుకు రాలేదో దేవుడికి తెలియాలి. వచ్చింది కోపమే. మా గొర్రెకు వాసనంటాడా వాడు? పండగొస్తే అదే గొర్రెను కూర వండుకుని వేళ్ళు నాకేటప్పుడు రాని వాసన, చెవి దగ్గర వచ్చిందా? మా ఆయన నాలుక బయట పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చేసిన పనిని, 'ఒద్దులేప్పా' అని ఒక్క మాటతో కొట్టేస్తాడా? ఆయన్ను అనాలంటే నేను అనాలి. మధ్యలో వీడెవడు?

మరుసటి రోజు పొద్దున్నే ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాను. మా ఆయనకు చెప్పలేదు. పులివెందుల బస్టాండులో దిగి, టీ అంగడి దగ్గర ఆగి, చీనీ తోటలున్నాయన, కొడుకు ఇంట్లోనే కంప్యూటరు పని చేస్తాడు, వాళ్ళిల్లెక్కడ అని అడిగాను. టీ పోసే ఆయన గ్లాసు కడుగుతూనే, "ఎవురు, గొర్రెచెవులాయప్ప ఇల్లా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఊరంతా తెలిసిపోయిందన్నమాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దావ చెప్పప్పా, కతలు పడొద్దు," అన్నాను. చెప్పాడు. బజారంతా నాలో నేను అనుకుంటూ నడిచాను. ఏమేం అనాలో వరుసగా పెట్టుకున్నాను. వాళ్ళ గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ వరుసంతా మరిచిపోయాను.

వాళ్ళమ్మ వాకిట్లో చీనీకాయలు ఏరుతోంది. పెద్ద ఇల్లు, పెద్ద మనిషి. తలెత్తి, "ఎవురు కావాలమ్మే?" అంది.

"మీ ఇంట్లోకి గొర్రె దూరిందంట గదమ్మా. తోలుకపోదామని వచ్చినా."

ఆమె కాసేపు అర్థం కాక నా మొహం చూసి, తర్వాత కాయల బుట్ట పక్కన పెట్టి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఇంటి లోపలికి చూసి కొడుకును పిలిచింది. పలకలేదు. ఏదో పాత ప్లాస్టిక్ చిప్పలు తగిలించుకుని కంప్యూటరు ముందు ఉన్నాడు. ఆమె ఒక చీనీకాయ తీసి కిటికీలోంచి గురి చూసి విసిరింది. వీపుకు తగిలింది. "ఇట్ల కొడితే గానీ పలకడమ్మే, ఏం చేసేది," అంది నాతో. ఆమె కష్టం నాకు ఒక్కదానికే తెలుసు ఈ లోకంలో. ఆ క్షణం ఆమె మీద కోపం పోయింది. కొడుకు మీదిది మాత్రం అలాగే ఉంది.

అబ్బి చెక్క చిప్పలు తెచ్చి నా ముందు మరలు విప్పాడు. బిళ్ళ ఎత్తాడు. లోపలినుంచి బొచ్చు ఉబికి వచ్చింది. "ఏందిది?" అన్నాడు.

"బొచ్చు. యాడా చూళ్ళేదా?"

"ఎవురు పెట్టమన్నారు?"

"ఎవురూ అన్లేదు. దావలో పగలకుండా నేనే పెట్టినా."

"ఇంటికి చేరినాక తియ్యమని చెప్పొద్దా అక్కా?"

"గాజుల పెట్టె ఇప్పేటోళ్ళకు గడ్డి తియ్యమని ఎవురన్నా చెప్తారా? నువ్వు ఇంజనీరు చదివినావంట గదా."

వాళ్ళమ్మ మళ్ళీ నవ్వింది. అబ్బి బొచ్చంతా లాగి పక్కన పడేసి, బిళ్ళలు బిగించి, తలకు పెట్టుకుని పాట వేశాడు. అంతా సరిపోయింది, ఇక మా ఆయనకు ఫోన్ చేయిద్దామనుకున్నాను. ఆ అబ్బి మొహం మాత్రం చేదు తిన్నట్టు అయింది. తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. దూది తెచ్చి కుక్కాడు, తీసేశాడు. "కాగులో తల పెట్టి పాడినట్టుండాది," అన్నాడు. నేల మీది బొచ్చు వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ అబ్బి వంగేలోపల నేను వంగి, మొత్తం ఏరి కొంగున కట్టుకున్నాను.

"అక్కా, అది ఇటీ."

"ఇయ్యను. కంపు గదా. మా కంపు మేము తీసకపోతాం."

"అది కాదక్కా. అది లేకపోతే పాట బాగాలేదు."

"ఒద్దులేప్పా," అన్నాను, అచ్చం వాడు అన్నట్టే.

వాళ్ళమ్మ మధ్యలోకి వచ్చింది. "కడిగి పెట్టమే, కడిగితే పోదా వాసన? కుంకుడుకాయలుండాయి పెరట్లో," అంది. కడుగుతాను, కానీ ముందు మా ఆయనకు ఫోన్ చేసి బాగుందని చెప్పు, నీ స్నేహితులకూ చెప్పు, అప్పుడు కడుగుతానన్నాను. అబ్బి చేశాడు. మా ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. నాకు మిషన్ కింద స్పానరు పట్టుకుని కూర్చున్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు. స్నేహితులు ఎత్తారు, వాళ్ళను ఒప్పించాడు. అదంతా ఇంగ్లీషులో జరిగింది కాబట్టి నిజంగా ఒప్పుకున్నారో, నన్ను మభ్యపెట్టాడో అప్పటికి తెలియదు. పెరట్లో కుంకుడుకాయ రసం పిండి బొచ్చును పిసికి పిసికి కడిగాను, మిద్దె మీద ఎండలో ఆరేశాను, ఆరాక వేళ్ళతో విడదీసి పొగమంచులా చేశాను. ఇద్దరం కలిసి చిప్పల్లో దూర్చాం. వాళ్ళమ్మ వంగి వాసన చూసి, ఏమీ లేదంది.

"పెట్టుకో అక్కా, నువ్వు గూడా విను. ఏం పాట వేయమంటావు?" అని అబ్బి ఆ చిప్పలను నా తలకు తగిలించాడు. అదే మొదలు, అదే చివర నాకు. పాట ఇంకా వేయలేదు. చెవుల మీద మెత్తగా మూత పడింది. వాళ్ళమ్మ పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు. పెళ్ళయినప్పటినుంచి పగలంతా చెవుల్లో నిండి ఉన్న మా ఇంటి హోరు, పులివెందులకు వచ్చినా తలలో ఎక్కడో తిరుగుతూనే ఉన్న ఆ హోరు, ఒక్కసారిగా తెగిపోయింది.  అవి లాగి పీకి ఆ అబ్బి చేతిలో పెట్టి, బస్సుకు పొద్దుపోతుందని బయటపడ్డాను. వాళ్ళమ్మ సంచినిండా చీనీకాయలు పోసి, "ఉండమే, తిని పో," అంటున్నా ఆగలేదు. ఏ పాట వేశాడో, అసలు వేశాడో లేదో నాకు తెలియదు.

మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ఆటో ఉంది. మంచాల అంగడాయన, వాళ్ళ మనుషులు మిషనును వసారాలోంచి మోసుకొచ్చి ఆటోలోకి ఎక్కించారు, తాడు కడుతున్నారు. మా ఆయన పక్కన నిలబడి, ఎక్కడ తాడు వేస్తే మోటారు దెబ్బ తినదో వాళ్ళకు చెబుతున్నాడు. చీనీకాయల సంచి అరుగు మీద పడేసి ఆటో ముందుకు పోయి నిలబడ్డాను. "దించండి," అన్నాను.

"ఏందమ్మా, మాటైపోయింది గదా," అన్నాడు అంగడాయన.

"మాట నాతో కాలేదు. దించండప్పా. లేదా నా మీద తోలకపోండి."

మా ఆయన దగ్గరికి వచ్చాడు. "నువ్వే గద మే అమ్మేయమన్న్యావు? రోజూ చెప్తాంటివి గదా?"

"నేను శానా చెప్తా. ఇన్నాళ్ళూ నా మాట ఎప్పుడన్నా ఇన్న్యావా నువ్వు? ఈ పొద్దే ఇనల్లనా?"

ఆ మాటకు తాడు కట్టే చేతులు ఆగాయి. మా ఆయన నన్ను, నా కొంగుకు అంటిన బొచ్చును, అరుగు మీద దొర్లిన చీనీకాయలను చూశాడు. "యాడికి పోయింటివి?" అన్నాడు. "నీ ఫోన్ ఏమైంది?" అన్నాను. "చార్జింగ్ లేదు." "నీకెప్పుడుంది?" అన్నాను. ఆయన తాడు విప్పడం మొదలుపెట్టాడు. అంగడాయన గొణుక్కుంటూనే మిషన్ దింపించాడు. (ఆయనకూ రెండు చీనీకాయలు ఇచ్చి పంపాను. మర్యాద తెలియని మనిషిని కాను.) ఆ సాయంత్రం మళ్ళీ బోల్టులు బిగించి, సరిగా కూర్చుందో లేదో చూడటానికి ఒకసారి తిప్పాడు. హోరు లేచింది, సంగట్లో పొట్టు పడింది. మామూలుగా కసిరాను.

ఇక నా అసలు మంట మిగిలే ఉంది. ఆ స్నేహితులు నిజంగానే వచ్చారు, వాళ్ళ స్నేహితులూ వచ్చారు, చిప్పల పని సాగింది. నేను ప్రతి జతకూ బొచ్చు కడిగి ఇచ్చాను. ఒకరోజు ఆ అబ్బి ఫోనులో వీడియో పెట్టాడని మా తమ్ముడు తెచ్చి చూపించాడు. చిప్ప విప్పి, లోపల బొచ్చు చూపించి, శానా రోజులు ఆలోచించి ఈ పద్ధతి తానే కనిపెట్టానని నవ్వుతూ చెబుతున్నాడు. కుంకుడుకాయ మాట లేదు. నా మాట లేదు. గొర్రె మాట కూడా లేదు, దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టాడు. పోయి ఇంకోసారి కడిగేసి వస్తానని చెప్పులేసుకున్నాను. మా ఆయన మిషన్ ఆపి, "పోనీలే మే, ఆయప్ప పాటలు ఆయప్పను విననీ," అన్నాడు. ఆ మనిషి వైపు ఉండి ఆయన మాట్లాడినందుకు కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. మా అన్నైతే ఆ గేటు ఉద్యోగం ఇంకెవరికో ఇప్పించి, నాతో చాలాకాలం పలకలేదు. తర్వాత మనవరాలికి ఉయ్యాల కావాల్సి వచ్చి, ఏమీ జరగనట్టు మా ఆయన దగ్గరికే వచ్చాడు. అదీ రాయి.

ఇంత కోపం తెచ్చుకుని నేను సాధించింది ఏమిటో చూసుకుంటే నవ్వొస్తుంది. మిషన్ వద్దని కాలికి బలపం కట్టుకుని తిరిగిందీ నేనే, దాన్ని ఆటోలోంచి దింపించిందీ నేనే. ఆ పొద్దు ఆ ఆటోకు అడ్డంగా నిలబడిన పిల్ల ఎక్కడైనా కనబడితే, అమ్మే, నీకసలు ఏం కావాల్నే అని అడగాలనుంది. నా మీదా కసురుతుందిలే. కసిరినా సరే, ఒక పూట దాని పక్కన కూర్చోవాలనుంది.

సరే పాపా, చెయ్యి నొప్పి పుట్టింటుంది, కలం పెట్టు. ఇప్పుడు నాకు చదివి వినిపించు. మొదట్నుంచి వద్దు. పులివెందుల బస్టాండులో దిగి, తనలో తాను తిట్టుకుంటూ ఒకతి నడిచిపోతుంటుంది చూడు, అక్కడినుంచి చదువు.